ఒరిజినల్స్

ఫిబ్రవరి 3, సోమవారం

వెనక గోడ అవతల కల్లంలో మిరపకాయలు ఆరబోశారు. మా వృద్ధుల హోంలో ఉన్న పదకొండుమంది పెద్దవాళ్ళూ దగ్గుతున్నారు. నేనూ, వంటచేసే లాల్‌బీ కూడా. మిరప సీజన్లో ఇక్కడ పెళ్ళికూతురు కూడా దగ్గుతూనే తాళి కట్టించుకుంటుందని లాల్‌బీ నవ్వింది.

రిజిస్టర్‌లో పదకొండు పేర్ల పక్కనా ఒకటే రాశాను: ఘాటు దగ్గు.

డాక్టర్ కరుణాకర్‌గారు గుంటూరు నుంచి ఆదివారాలే వస్తారు. మిగతా రోజులు బీపీ, షుగర్, ఈసీజీ నేనే చూసి వాట్సాప్‌లో పెడతాను. ఆయన బొటనవేలు బొమ్మ పంపుతారు. హోం కాగితాలన్నిటి మీదా 'చూసినవారు' అన్నచోట ఆయన పేరు ముందే అచ్చయి ఉంటుంది.

ఫిబ్రవరి 5, బుధవారం

ప్రభుత్వ స్టాఫ్ నర్స్ లిస్టులో నా పేరుంది. ఇరవయ్యో తేదీన ఒంగోలులో వెరిఫికేషన్. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి.

అవి మా ఓనర్ శివరామకృష్ణగారి బీరువాలో ఉన్నాయి. చేరినరోజే తీసుకున్నారు. అందరూ తీసుకుంటారన్నారు. ఇచ్చేశాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

అడగడానికి రెండు రోజులు పట్టింది. మూడుసార్లు ఆఫీసు గుమ్మందాకా వెళ్ళి, మంచినీళ్ళకి వచ్చినదానిలా తిరిగొచ్చాను.

శివరామకృష్ణగారు కోప్పడలేదు. అదే భయం. పద్దెనిమిదిన ఇస్తాలే మహిమా, ఈలోపు నువ్వు కంగారుపడి నన్ను కంగారుపెట్టమాక అన్నారు. పోయినేడాది ఒక సిస్టర్ ఊరికే బెదిరిపోయి ఇద్దర్ని ఆస్పత్రికి పంపిందట. ఆ హోంలో సరిగ్గా చూడరంట అని పర్చూరంతా పాకిందట. నేను చెప్పందే ఎవర్నీ గేటు దాటించొద్దు, సరేనా అన్నారు.

తలూపాను. కాన్వెంట్‌లో నాకు మంచి పేరు వచ్చింది దానికే.

ఫిబ్రవరి 10, సోమవారం

వెంకటరావమ్మగారికి డెబ్బై తొమ్మిది. నలభై ఏళ్ళు మిరపకాయలకి తొడిమలు తీసిన మనిషి. నేను చదువుకుంటుంటే పిలిచారు. ఏమే పిల్లా, ఆ పుస్తకంలో వాళ్ళతోనన్నా మాట్లాడతావా, వాళ్ళ దగ్గరా ఇంతేనా అన్నారు. నవ్వాను. మిరపకాయ నన్నేం చేసుద్దే, నేనే దాన్ని ఏడిపించా అన్నారు. అని చాలాసేపు దగ్గారు. పడుకుంటే ఆయాసం వస్తోందట, కూర్చునే నిద్రపోయారట.

రాశాను: ఘాటు దగ్గు.

ఫిబ్రవరి 12, బుధవారం

వెంకటరావమ్మగారి చెప్పులు బిగుతయ్యాయి. లాల్‌బీ తనవి ఇచ్చింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం, ఉదయం 8

కల్లం ఖాళీ. బస్తాలన్నీ నిన్నే లారీకెక్కి మిర్చి యార్డుకి వెళ్ళిపోయాయి. హోం నిశ్శబ్దంగా ఉంది. ఒక్క వెంకటరావమ్మగారే దగ్గుతున్నారు.

స్టెత్ పెట్టాను. రెండువైపులా కింద నీటి చప్పుడు. పాదం మీద నొక్కితే నా వేలు గుంట అలాగే ఉండిపోయింది. ఆక్సిజన్ 84. ఇది ఘాటు కాదు, గుండె. మిరపకాయల మధ్యే బతికిన మనిషి దగ్గుతుంటే పదకొండు రోజులు మిరపకాయల మీదికి నెట్టాను.

9.10

ఆక్సిజన్ పెట్టి కూర్చోబెట్టాను. డాక్టరుగారికి మెసేజ్ పెట్టాను: గుంటూరు పంపమంటారా, ఇక్కడే ఉంచమంటారా? బొటనవేలు వచ్చింది. ఏది సార్ అని మళ్ళీ అడిగాను. జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి, సార్ ఆపరేషన్‌లో ఉన్నారన్నారు.

శివరామకృష్ణగారు పొన్నూరులో పెళ్ళిలో ఉన్నారు. ఫోన్లో సన్నాయి. డాక్టరుగారు ఓకే అన్నారుగా, ఓకే అంటే ఇక్కడే ఉంచమనేగా అని అరిచారు. పద్దెనిమిదో తారీకు గుర్తుంచుకో అన్నారు.

సరే సార్ అన్నాను.

9.25

108కి ఫోన్ చేశాను. రిఫరల్ లెటర్ మీద డాక్టరు పేరు కొట్టేసి నా పేరు రాశాను. స్ట్రెచర్ మీద వెంకటరావమ్మగారు మాస్కు పక్కకి లాగి, నీకూ నోరుందే అన్నారు. మాస్కు మళ్ళీ పెట్టాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

బతికారు. ఇంకో పూట ఆగితే దక్కేవారు కాదని గుంటూరులో చెప్పారట. ఆవిడ మేనల్లుడు శాలువా తెచ్చి నాకు కప్పాడు. శివరామకృష్ణగారు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు.

అందరూ వెళ్ళాక సర్టిఫికెట్ల కోసం చెయ్యి చాపాను. ఆయన నవ్వారు. నిన్ను చూసే మూడు కొత్త అడ్మిషన్లు వచ్చినయ్ తల్లీ, ఇట్టాంటి సిస్టర్‌ని ఎవడన్నా వదులుకుంటాడా అన్నారు.

ఫిబ్రవరి 20, గురువారం

వెరిఫికేషన్ పదింటికి. పదింటికి యలమంద తాతగారి పుండుకి డ్రెస్సింగ్ చేశాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

గేటుకి ఫ్లెక్సీ కట్టారు. అనుభవజ్ఞురాలైన సిస్టర్ మా ప్రత్యేకత అని ఉంది. పక్కన నా మొహం, నిలువెత్తు. నాకు ఇరవై ఏళ్ళున్నప్పటిది. తెల్ల క్యాప్ కొంచెం ఒరిగింది. ఆ ఫొటో నా సర్టిఫికెట్ మీద తప్ప ఇంకెక్కడా లేదు.