ఇద్దరు తాతలు, రెండు చాకులు

వికారాబాద్, 3-6-1958

బావగారు మొగులప్పగారికి, మీ వియ్యంకుడు, మాజీ హెడ్మాస్టరు అంజిలయ్య నమస్కరించి రాయునది.

మా కోడలు, అంటే మీ బిడ్డ యాదమ్మ, తొలి కాన్పుకు తాండూరు క్షేమంగా చేరినందుకు సంతోషం. పుట్టబోయే బిడ్డకు మీ తల్లి పేరు పెడతానని మీరు చాటుతున్నారట. ఆ హక్కు తండ్రి తరఫు తాతనైన నాది. పెళ్లిలో నేను నిమ్మకాయ కోయబోతే, నా జేబుకత్తిని పిల్లల ఆటవస్తువని నలుగురిలో నవ్వినప్పుడే మీ పరిజ్ఞానం తెలిసింది. అది విలాయతి ఉక్కు. పదేళ్లలో ఒక్క గీత పడలేదు.

ఇట్లు,
అంజిలయ్య

తా.క. పెళ్లిలో నవ్విన మిగతావారి పేర్లు కూడా రాసి పెట్టుకున్నాను.

తాండూరు, 9-6-1958

అంజిలయ్య బావకు మొగులప్ప రాంరాం.

పదేండ్లల్ల గీత పడలేదంటే పని చెయ్యలేదన్నట్టే గద. నా చాకు బషీరాబాద్ కమ్మరి బాలప్ప మోటారు కమాను పట్టాతోటి చేసిండు, పిడి బర్రె కొమ్ముది. ఎద్దు కాల్ల ముల్లు దానితోటే, నా పొగాకు దానితోటే. పందెం కడ్దం. నా చాకు నువ్వు వాడు, నీది నేను వాడుత. ఎవలి చాకు గట్టిదైతే వాళ్లే పేరు పెట్టాలె. రైలుకు మీ దిక్కు వచ్చే మా ఊరి ఏసుదాసు చేతికి నాది ఇస్తున్న, నీది ఇచ్చి పంపు.

నీ బావ,
మొగులప్ప

తా.క. చాకు జర ఉల్లిగడ్డ వాసనొస్తది. ఫికర్ చెయ్యకు, మేక వాసనల అది తెలువది.

వికారాబాద్, 25-6-1958

బావగారికి,

మీ కత్తితో ఒక కొత్త గ్రంథంలో అంచులు విడని పుటలు కోశాను. పొగాకు, ఉల్లి, మేక: అధ్యాయానికొక వాసన అంటుకుంది. శుద్ధి కోసం గిన్నెలో వేసి రెండు గంటలు మరిగించాను. పిడి రెండుగా విచ్చుకుంది. ఉడికితే విచ్చుకునేది కత్తి కాదండీ, మీ తాండూరు కందిపప్పు. పందెం నాది. ఆడపిల్లయితే వాగ్దేవి, మగపిల్లాడైతే వాగీశ్వరుడు.

విజేత,
అంజిలయ్య

తా.క. ఆ నీళ్లను నా భార్య ఎంకమ్మ చారనుకుని పోపు పెట్టింది. తెలియక రెండోసారి అడిగి పోయించుకున్నాను. ఆ పాపం కూడా మీదే.

తాండూరు, 2-7-1958

బావకు,

చాకును ఉడకవెడ్తరా ఎవలన్న? నీ దాని కథ విను. నాపబండ పొరల సందుల పెట్టి సుత్తెతోటి కొట్టిన. రెండో దెబ్బకే కొన ఎగిరిపోయింది. రాయి పొడి చొచ్చింది, మడిస్తే మళ్ల తెరుచుకుంటలేదు. పందెం నాదే. మా అమ్మ పేరు మొగులమ్మనే పెడ్త.

మొగులప్ప

తా.క. ఎగిరిన కొన దొరకలేదు. రెండు దినాల సంది మా కోడి ఒకటి నడుస్తుంటే మోగుతున్నది.

వికారాబాద్, 6-7-1958

ఉలికీ జేబుకత్తికీ తేడా తెలియని మహాశయా,

మీతో ఇక మాటల్లేవు. ఈ ఉత్తరం అందినట్టు జవాబు రాయండి.

అంజిలయ్య

తా.క. కోడిని కోసినప్పుడు కొన నాకు పంపాలి. మాంసం మీరే తినండి. ఒక కాలు పంపినా అభ్యంతరం లేదు.

తాండూరు, 20-7-1958

బావకు,

నిన్న పొద్దుగాల మనకు మనుమరాలు పుట్టింది. తల్లీ పిల్లా మంచిగున్నరు. మంత్రసాని గోవిందమ్మ "బొడ్డు కొయ్యాలె, చాకు తెండ్రి" అని కేకేసింది. పరేషాన్‌ల నీదే ఇచ్చిన. ఆమె గుంజింది, నేను గుంజిన, మా అన్నదమ్ముల పాలోడు మల్లప్ప పట్టుకారతోటి గుంజిండు. తెరుచుకోలే.

"ఇంకోటి లేదా?" అన్నది.

"ఉన్నది. వికారాబాద్‌ల ఉడుకుతున్నది" అన్న.

ఆమె నన్ను చూసిన చూపు రాతల రాదు. సంచిలకెల్లి గడ్డం గీసుకునే కొత్త బ్లేడు తీసి, మసిలే నీళ్లల్ల ముంచి, ఒక్క గీతల పని కానిచ్చింది. అటెన్క బ్లేడు పెంట మీద పారేసింది. ఒక్కసారి వాడి పారేసేది బావా, గదాని చేతుల ఓడినం!

మన పందెం సంగతి నా భార్య భాగమ్మ నోరు జారింది. గోవిందమ్మ నడుం మీద చెయ్యేసుకొని "గెలిచిన కత్తి నాది, పేరు నేనే పెడ్త" అన్నది. తన పేరే పెట్టింది. వాడకట్టు ఆడోళ్లంత ఔనన్నరు. కాన్పుకని వచ్చిన నీ కొడుకు సుత తలకాయ ఊపిండు. నీ మనుమరాలు గోవిందమ్మ.

నీ లెక్కనే ఓడినోడు,
మొగులప్ప

తా.క. పిల్ల అచ్చం నీ పోలికే. రెండు దినాలు నిండలే, అప్పుడే లోకమంత తనకు అన్యాయం చేసినట్టు మొకం పెట్టింది. ఎత్తుకుంటే మాత్రం ఊకుంటది. నువ్వు సుత ఊకుందువేమో గని, నిన్ను ఎత్తుకునేటోడు లేకపాయె.