మిషను అందని మూలలు

చోడవరం, 12-8-96

పిన్నికి ఏబెల్ వందనాలు. బాబాయ్ పని పోయిందని నీకెవరో చెప్పారట. పోలేదు, దిగులు పడకు.

ఇక్కడ వంతెన మీద పాత కాంక్రీటును గరుకు చేస్తేనే దానిమీద పోసే కొత్తది పట్టుకుంటుంది. బాబాయ్ ఉలితో వారం రోజులు చేసే ఆ పనిని, మొన్న తెచ్చిన కరెంటు సుత్తి మొనకున్న పళ్ళ బిళ్ళతో ఒక్కపూటలో చేసేసింది. మేస్త్రీ ఆయన్ని ఇంటికి పొమ్మన్నాడు. బాబాయ్ సంచీ సర్దుకున్నాడు గానీ, వెళ్ళే ముందు ఆ కాంక్రీటంతా అరచేత్తో తడిమాడు.

"కడ్డీల పక్కన, మూలల్లో నున్నగానే ఉండిపోనాది బాబూ. ఇక్కడ కొత్తది అతకదు" అని అక్కడే ఉన్న ఇంజనీరుతో అన్నాడు.

ఇంజనీరు వంగి తనూ తడిమి చూశాడు. "ఈ మూలలు మీరే కొట్టండి. ఇకమీదట మీరు చూసి సరే అన్నాకే కాంక్రీటు పోద్దాం" అన్నాడు.

బాబాయ్ కళ్ళజోడు ఇంట్లోనే మరచిపోయాడట, చీడికాడ నుంచి ఎవరైనా వస్తుంటే పంపించు. చెల్లి ఆశ్రితకు జ్వరం తగ్గిందా? మేక ఈనిందా?

నీకు ఏం రాయాలని బాబాయ్‌ని అడిగాను. "ఇంజనీరు బాబు నన్ను ఏసుదానం గారూ అని పిలిసేడని రాయి" అన్నాడు.

ప్రభువు మీకు తోడుండాలి.

ఏబెల్