మోచేతి మీద కొత్త చుట్టం

చిరంజీవి తమ్ముణ్ణి అక్క దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమమే అనుకో. జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు, ఒంట్లో ఓపిక లేదురా.

ముందు నీ ప్రశ్నలు. అమ్మ నడుం నొప్పి అలాగే ఉంది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటుంది, లేచేటప్పుడు మాత్రం బల్ల పట్టుకుంటుంది. ఇక నీ కట్టుగుడ్డ పుండుకి అంటుకుంటే లాగెయ్యకు, గోరువెచ్చని నీళ్లతో తడిపి అదే వదిలేదాకా కూర్చో. ఇరవై ఏడేళ్లొచ్చాయి, ఇంకా నేనే చెప్పాలా? ప్రెస్సులో నా పని మామూలే. పెన్నుకి దూది చుట్టుకుని ప్రూఫులు దిద్దుతున్నాను. "మీ కంట్లో పడితే ఏ తప్పూ బతకదమ్మా" అంటాడు మా ఫోర్‌మన్. వింటే నవ్వొస్తుంది.

పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగావు. కాస్త రాపిడికే ఊడొచ్చే ఈ చర్మం మనిద్దరికీ పుట్టుకతోనే వచ్చింది కదా, ఏడవకుండా ఉండడానికి పుండ్లకి పేర్లు పెట్టడం నేర్పింది అమ్మే. నా మడమ మీద పెంకిఘటం, నీ వీపు మీద చంటిది, నా పిక్క మీద ఏడాదిగా తిష్ఠ వేసిన పెద్దాయన. "ఇవాళ పెద్దాయన శాంతంగా ఉన్నాడే" అని అమ్మ కట్టు కడుతూ అంటే ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

నీ దగ్గర ఒక సంగతి దాచాను. ఐదు నెలల కిందట పెద్దాయన అంచులు గట్టిపడి పైకి లేచాయి. వాసన మారింది. నొప్పి కూడా మనకి తెలిసిన నొప్పి కాదు. అన్నీ చూసీ, "నువ్వు వంగకమ్మా, కాలు నేనే కట్టుకుంటాను" అని అమ్మని దూరం పెట్టాను. అమ్మ మీద జాలితో అనుకునేవు, కాదు. ఇంకో ఆస్పత్రి, ఇంకో సూది అంటే విసుగొచ్చిందిరా. పుండు మనకేమన్నా కొత్తా అని సరిపెట్టుకున్నాను.

పోయిన నెల కట్టులోంచి రక్తం కారి నేలంతా అయింది. అమ్మ చూసేసింది. డాక్టరమ్మ ముక్క తీసి పరీక్షకి పంపింది. క్యాన్సరట. "ఇలాంటి చర్మం ఉన్నవాళ్లకి మానని పుండులోంచే ఇది వస్తుంది, అదీ చిన్న వయసులోనే. ముందే వచ్చుంటే ఆ మేరకి కోసి తీసి ఉండేవాళ్లం" అంది. ఇప్పుడు కాలు మోకాలి కింద నుంచి తీసేస్తారు, వచ్చే గురువారం.

అమ్మ అరవలేదు. "ఇన్నేళ్లు నా చేత్తో కట్టానే, నాకు చూపించొద్దా?" అంది, అంతే. చచ్చేంత సిగ్గేసింది.

ఇక నీ ఉత్తరం చివరి మాట. మోచేతి మీద కొత్త చుట్టం దిగాడని, మూడు నెలలైనా కదలడం లేదని, పేరు నన్నే పెట్టమని రాశావు. అది పదిసార్లు చదివాను. పెట్టనురా. నువ్వూ పెట్టకు. ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని ఇలాగే ఆస్పత్రికి వెళ్లి, ముక్క తీసి పరీక్ష చెయ్యమను. నన్ను చూడ్డానికి ఆ తర్వాత రా.

ఇట్లు,
నీ చేత తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్న
మీ అక్క