నడిమి గడి

ఆదివారం

ఖుర్సీపార్‌లో మా ఇంట్లో నాన్నతో మళ్లీ గళ్ల పలక మీద రాళ్లు జరిపే ఆట ఆడాను. ఎర్రరాయిని పలక బయటికి తేవడానికి నాకు పదకొండు జరుపులే పట్టాయి. నాన్నకి పదమూడు. నడిమి గడి ఖాళీగా ఉన్నా ఎర్రరాయిని చుట్టూ తిప్పి తెస్తాడు, ఎప్పుడూ అంతే.

"ఏటి నాన్నా, మధ్యలోంచి తోసెయ్యొచ్చు కదా!"

"కింద మనిషుంటే?" అన్నాడు. చెయ్యి రాయి మీదే ఉండిపోయింది.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లిగా చెప్పింది. ఉక్కు ప్లాంటులో క్రేన్ హుక్కుకి బరువులు తగిలించే అప్పలరాజు మావయ్య చనిపోయిన రోజు ఆ క్రేన్ నడిపింది నాన్నేనట. పని తొందరగా తెమలాలని, బరువుని చుట్టూ తిప్పకుండా మావయ్య తల మీదుగా తెచ్చాడట. అది జారి ఆయన మీద పడిందట.

నాకేం తెలుసు? రెండు జరుపులు ఎక్కువైనాయని ఇన్నేళ్లూ నాన్నని ఎక్కిరిస్తూనే ఉన్నాను.