తోమిన తొట్టి

జర్జీస్, ఫిబ్రవరి 11

నా చిట్టితల్లి దుర్సాఫ్‌కు,

నాన్న ముద్దులతో రాయునది. మీ అమ్మ మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు. నేను నమ్మలేదు.

హరీసా కారం జాడీ ట్యూనిస్ బస్సు డ్రైవర్ చేతికిచ్చాం, ఈపాటికి అందే ఉంటుంది. ఈ ఏడు ఆలివ్ కాపు విరగకాసింది, మన గానుగకు తీరికే లేదు. నూనె తీశాక మిగిలే నల్లనీళ్లు ఎక్కడికి వదులుతున్నారని అడిగావు. ఇంకెక్కడికి, ఎప్పటిలాగే వాగులోకి. మీ మబ్రూకా మేనత్త బావి చేదెక్కింది. మొన్న ఒక చెంబుడు నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"తాగన్నా, తాగు! అంతా నీ గానుగ చలవే. ఆ నీళ్లను శుభ్రం చేసే నా మేనకోడలి పురుగులు బతికుంటే మాకీ గతి పట్టేదా?"

తాగాను. గొంతు మండింది.

ఇక నీ పాత ప్రశ్న. "నాన్నా, అవి చలికి చచ్చాయా, నేనే మేత ఎక్కువ పెట్టి చంపానా?" మూడేళ్లుగా ప్రతి ఉత్తరంలో అడుగుతున్నావు. మూడేళ్లుగా నేను వాతావరణం సంగతులు రాసి తప్పించుకుంటున్నాను.

నీ ప్రయోగం చూడవచ్చే కమిటీ వాళ్లను తీసుకురావడానికి నువ్వు జెర్బా విమానాశ్రయానికి వెళ్లిన రోజు, గానుగలో నువ్వు పురుగులు పెంచే తొట్టి వైపు చూశాను. గోడలకు వేలెడు మందాన గోధుమరంగు జిగురు. నూనె తొట్టిలో మడ్డి మిగిల్చిన పనివాణ్ని మా నాన్న గేటు బయటికి గెంటేవాడు. పెద్దమనుషులు వస్తుంటే నా కూతురి తొట్టి ఇలా ఉండటమా అని సిగ్గేసింది. నీళ్లు తోడించి, సోడా వేసి, నా చేతులతో నేనే తోమాను. మళ్లీ నల్లనీళ్లు నింపాను. ఆ నీళ్లలోని ఫినాల్ విషాన్ని తినే జీవాలు ఆ జిగురులోనే కాపురముంటాయని నువ్వు చెప్పినప్పుడు తలూపాను తప్ప వినలేదు తల్లీ.

నువ్వొచ్చి మోచేతిదాకా చేయి ముంచావు. నీ ముఖం పాలిపోయింది.

"నాన్నా, గోడ నున్నగా ఉందేంటి?"

"అదంతట అదే ఊడి తేలిందమ్మా. తీసి పారేశాను."

అప్పుడు నిజం చెప్పి ఉంటే కమిటీ నీకు ఇంకో రెండు నెలలు గడువిచ్చేది. భయపడ్డాను. నీళ్లు పరీక్షించిన పెద్దాయన, "అమ్మాయ్, నీ పురుగులు సెలవు పెట్టినట్టున్నాయే!" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నువ్వు నా వైపు చూశావు. ఆ చూపు ఇప్పటికీ నన్ను అన్నం తిననివ్వడం లేదు.

అరవై రోజులు పసిబిడ్డల్లా సాకిన వాటిని నీ చేతులతోనే చంపుకున్నావనుకుని ల్యాబు వదిలేసి, మందుల షాపులో మాత్రలు లెక్కపెడుతున్నావు.

మొన్న ఆ నీళ్లు తాగాక మీ మేనత్తకు అంతా చెప్పేశాను. "నాకెందుకు చెబుతావు? దానికి చెప్పే ధైర్యం లేదా?" అని చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

అందుకే రాస్తున్నాను. మేత ఎక్కువ కాలేదు, చలీ కాదు. నేనే. మీ ప్రొఫెసరుకు చూపించడానికి ఇదంతా ఇంకో కాగితం మీద రాసి, సంతకం చేసి జతపెట్టాను. ల్యాబులో నీ చోటు ఎప్పుడో ఇంకొకరికి పోయిందని నాకు తెలుసు. క్షమించమని అడగను.

మా నాన్న గేటు బయటికి గెంటిన వాళ్లలో ఒక్కడూ ఇంత పాడు చెయ్యలేదు.

ఇట్లు,
నువ్వు ఒక్కసారీ అనుమానించని
మీ నాన్న హమ్మాదీ