సీత వేషధారికి చెప్పవలసిన మాట

సికిందరాబాదు,
అక్టోబరు 1948

చి.ల.సౌ. శ్యామలకు ఆశీస్సులు.

అభిమాన నటుణ్ణి కలిసినప్పుడు ముందు నమస్కారం, పిదప ప్రశంస, చివర సెలవు అన్నదే సరైన క్రమం. నిన్న రాంగోపాల్‌పేటలో నాటకం ముగియగానే, సీత వేషం కట్టిన నరహరిగారిని ఆ క్రమంలోనే సమీపించాను. ఆయన చీర విప్పకుండానే బీడీ ముట్టించి, నా ప్రశంసను ఆపేశారు.

“పొగుడుడు తర్వాత. మిలిట్రీ వచ్చినంక ఇంటికి ఖబర్ పంపినవా?”

“ఇంకా లేదండీ.”

“ఏందయ్యా గిట్ల? రోజూ అశోకవనంల కూసునేటోణ్ని, ఖబర్ రాకుంటే ఎంత పరేషానో నాకెరుక. జల్ది పోయి రాయి.”

నేను క్షేమం. పోలీసు చర్యలో నాకు చిన్న గీరు కూడా పడలేదు. అమ్మకు దగ్గు తగ్గిందా? పక్కింటి జమాలుద్దీన్ కుటుంబం క్షేమమేనా? తప్పక తెలుపు. నా ఉన్ని కోటు ఎండలో వెయ్యి. పిల్లలకు దీవెనలు.

ఇంటికి క్షేమం తెలుపనివాడు ఇకమీదట రావణుణ్ణి మాత్రమే పొగడవలెను, సీతను పొగడరాదు. ఇది తుది ఉత్తర్వు.

రాజలింగం