ఈశాన్యంల సముద్రం

జనవరి 19

బాయి పూడ్పిచ్చిండు నా కొడుకు జైపాల్. నన్ను అడగలే. శామీర్‌పేట ఇంటికి ఈశాన్యంల మా నాయిన తవ్విన బాయి అది. కొత్త ఇల్లు కడ్తనని టిప్పర్లతోటి మొరం పోపిచ్చిండు. నేను మేడ్చల్ పోయి వచ్చెవరకు సాపు. ఏండ్లయింది. నన్నెందుకు అడగలేదంటె గిప్పటికి నాకు జవాబు లేదు.

గందుకే ఈసారి ఊకోలే. జైపాల్ బిడ్డ అశ్రిత కండ్లకోయల కంప్యూటర్ నౌకరి జేస్తది. సముద్రపు చేపల ట్యాంకు తెచ్చింది, మనిషి పొడుగు అద్దాల పెట్టె. లోపలి గోడకు పెడ్తనన్నది. నీళ్లుండాల్సింది ఈశాన్యం మూలకు అన్న. ఆడ కిటికీల ఎండ పడ్తది, వద్దన్నది. ఆ మూలకే కుర్చీ ఏసుకొని కూసున్న. మోసెటోళ్లు ఆడ దించుతమని ఒప్పుకునేదాంక లేవలే. నా మాట నెగ్గింది.

ఫిబ్రవరి 8

నీళ్లు, రాళ్లు, ఒక్క రొయ్య. అసలు ట్యాంకు తెచ్చిందే పానమున్న ఆల్చిప్పను పెంచెటందుకంట. ఫోన్ల సూపిచ్చింది. నోరు తెరిస్తె నెమలి ఈక లెక్క నీలంగ ఉంది. చిన్నప్పటి సంది పిల్లకు గదే కోరిక. మరి తెచ్చుకోవే అంటె నీళ్లు ఇంక కుదురుకోలేదంట. ఉప్పు ఏసిండ్రు, లైట్ పెట్టిండ్రు, మోటరు తిరుగుతాంది. ఇంకేం కుదురుకునుడు? పెండ్లి సంబంధమా?

మార్చి 2

రాళ్లకు మట్టిరంగు పట్టింది. దాని మీద పచ్చ నాచు. కొత్త ట్యాంకుకు అట్లనే వస్తది, మంచిదేనంట. మురికి మంచిదని సదువుకున్నోళ్లే చెప్పాలె.

మార్చి 3

నీళ్లు ఇంక కాలేదంట.

ఏప్రిల్ 11, పగటీలి

ఇయ్యాల అశ్రిత నా మీదికే వచ్చింది. తెల్లారంగ నీళ్లు సల్లగుంటున్నయి, పదింటికల్ల ఎండకు కాగుతున్నయి, రోజు గిట్ల ఎక్కి దిగితె ఆల్చిప్ప సస్తదన్నది. చేపయితె నీడకు ఉరుకుతదంట, ఆల్చిప్ప పెట్టిన కాడనే ఉంటదంట. ట్యాంకు జరుపుదామన్నది. జరగదు అన్న.

మా ముసల్ది పద్మమ్మ ఊకుంటదా. అయితె సూర్యున్ని జరగమను, పెద్దమనిషి మాట ఇంటడేమో అన్నది. నేను అన్నం ముట్టలే.

ఎవరు సూడంగ కిటికీకి నా పంచె కట్టిన. ఎండ పంచెను లెక్కజెయ్యలే.

ఏప్రిల్ 26

జైపాల్ ఆల్చిప్ప తెచ్చిండు. అల్వాల్ దుకాణం నుంచి, నీళ్ల కవర్ల పెట్టుకొని. ఎల్లుండి వాని పార్టీ లీడర్లు భోజనానికి వస్తరంట, ట్యాంకు బోసిగ ఉండొద్దంట. పిల్లకు ఒక్క మాట చెప్పలే. కవరు విప్పబోతుంటె అశ్రిత ఉరికొచ్చి గుంజుకున్నది.

నాకు మండింది. "ఎవర్ని అడిగి తెచ్చినవ్ రా?" అన్న.

వాడు నిమ్మళంగ, "నువ్వు ఎవర్ని అడిగి ఈ మూలకు పెట్టిచ్చినవ్ బాపు?" అన్నడు.

కన్నతండ్రితోటి మాట్లాడె మాటనా ఇది? పద్మమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. అశ్రిత నవ్వలే. నన్ను సూసింది, వాళ్ల నాయినను సూసింది. కవరు కడుపుకు ఆనిచ్చుకొని స్కూటీ మీద అల్వాల్ పోయింది, వాపస్ ఇచ్చొచ్చింది.

ఏప్రిల్ 30

పిల్ల ఎవ్వరితోటి మాట్లాడ్తలేదు. ట్యాంకు లైట్ బంద్ పెట్టింది. రొయ్యకు మాత్రం మేత ఏస్తాంది. రొయ్యకున్న ఇజ్జత్ నాకు లేదు గీ ఇంట్ల.

మే 5

ఇగ సాలు. అశ్రిత తలుపు కొట్టి మొకం మీదనే చెప్పొచ్చిన. ట్యాంకు ఏ గోడకుండాలె, ఆల్చిప్ప ఎప్పుడు రావాలె, నువ్వే చెప్పు. నేను చెప్ప. మీ నాయినను చెప్పనియ్య. ఆదివారం పొద్దుగూకెలోపల నాకు జవాబు కావాలె.